టబ్బుకూ గోడకూ మధ్య సందు ఎవరి పని?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఇంటి పేజీలో స్నానాల గదిని అందంగా ఉంచుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. రంగులు, లైట్లు, అద్దాల గురించి బాగా రాశారు. అయితే టబ్ అంచు గోడ టైల్స్‌ను కలిసే చోట నెర్రె కనిపిస్తే ఇంట్లోనే కాస్త వైట్ సిమెంట్ కలిపి పూసుకుంటే సరిపోతుందని చివర్లో ఒక మాట ఉంది. పత్రికలో వచ్చిన మాట కాబట్టి నమ్మి చాలామంది అలాగే చేస్తారు. కొన్నాళ్లకు అదే చోట మళ్లీ నెర్రె విచ్చుకుంటుంది, ఈలోపు నీళ్లు గోడలోకి దిగుతూనే ఉంటాయి. నేను దేవరకొండ వాడిని. నల్లగొండ, మిర్యాలగూడ వైపు టైల్స్ పని చేస్తాను, పిలిస్తే పాలమూరు, జడ్చర్ల దాకా పోతాను. ఆ సందు గురించి నాకు తెలిసింది రాస్తున్నాను, దయచేసి అచ్చు వేయండి. ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్న ప్రతి ఇంట్లో ఆఖరి పనులు జోరుమీదున్నాయి. ఈ ఉత్తరం ఆలోపే జనం చేతికి అందాలని నా కోరిక.

మా ఊళ్లల్లో టబ్బులు ఎక్కడివని కొందరు అనుకోవచ్చు. నిన్నమొన్నటి దాకా అది నిజమే. పెరట్లో ఒక షాబాదు బండ, పక్కన గోలెం, అంతే. తానం చేసిన నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి పోయేవి. ఎంత ఇంకినా ఇంటికి నష్టం లేదు. ఇప్పుడు స్నానాల గది ఇంటి నడుమకు వచ్చింది, మేడ కూడా ఎక్కింది. దాని కింద పడకగదో దేవుని గదో ఉంటోంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తే పై అంతస్తులో ఒక టబ్ పెట్టించడం మామూలైపోయింది. (మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రోజూ ఎత్తు అంచు దాటి టబ్‌లోకి దిగడం ప్రమాదమని నన్ను అడిగినా అడగకపోయినా చెబుతుంటాను. గోడకు ఒక పట్టుకునే కడ్డీ అయినా పెట్టించండి.) టబ్ లేని ఇంట్లోనూ ఈ సందు ఉంటుంది. నేల గోడను కలిసే మూలలో, వాష్‌బేసిన్ వెనక, వంటింట్లో గ్రానైట్ బండ గోడ టైల్స్‌ను తాకే చోట ఉన్నది ఇదే. కాబట్టి టబ్ లేనివాళ్లు కూడా చదవాలని మనవి.

అక్కడ సిమెంట్ ఎందుకు నిలవదో ముందు చెప్పాలి. గోడ ఉన్నచోట ఉంటుంది. టబ్ ఉండదు. ఇప్పుడు వస్తున్నవి ఎక్కువగా ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ టబ్బులు, అడుగున ఫైబర్ పూత ఉంటుంది. బరువు పడితే కొద్దిగా వంగుతాయి. మామూలు సైజు టబ్‌లో 150 లీటర్లు సులువుగా పడతాయి. లీటరు నీళ్లు కిలో బరువు, అంటే క్వింటాలున్నర నీళ్లు, ఆపైన మనిషి. అంత బరువు పడగానే టబ్ అంచు మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో కిందికి జరుగుతుంది. నీళ్లు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. వేడినీళ్లు పోస్తే సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. మన దగ్గర మే నెల ఎండ 44, 45 డిగ్రీలు దాటడం అందరూ చూస్తున్నదే. మేడ మీద బాత్రూంలో ఆ వేడికి గోడ ఒక లెక్కన, టబ్ ఇంకో లెక్కన సాగుతాయి. వైట్ సిమెంట్ ఎండితే రాయే, దానికి సాగే గుణం లేదు. కదిలే వస్తువుకూ కదలని గోడకూ మధ్య దాన్ని పెడితే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. కృష్ణ మీద వంతెన దాటుతుంటే బస్సు చక్రాల కింద టకటకమని చప్పుడు వస్తుంది కదా, వంతెన ఎండకు సాగడానికి అక్కడక్కడ సందు వదిలారు కాబట్టే అది పగలకుండా నిలబడింది. టబ్ చుట్టూ ఉన్నదీ అలాంటి కదిలే సందే. దాన్ని గట్టి పదార్థంతో బిగించకూడదు, సాగే పదార్థంతో మూయాలి. ఆ పదార్థం సిలికాన్, ట్యూబుల్లో దొరికే రబ్బరు లాంటి జిగురు.

నెర్రె వెంట్రుక మందమే ఉంటుంది, కంటికి ఆనదు. కానీ సందు ఎంత సన్నగా ఉంటే నీళ్లను అంత గట్టిగా లోపలికి లాక్కుంటుంది. లోపలికి పోయిన నీళ్లు టబ్ వెనక గోడ వెంట స్లాబు మీదికి దిగుతాయి. అక్కడ పైపు కోసమో కరెంటు వైరు కోసమో వేసిన తూటు దొరికితే దాని వెంట పోయి ఎక్కడో నాలుగైదు అడుగుల దూరంలో బయటపడతాయి. అందుకే ఇంటివాళ్లకు టబ్ మీద అనుమానం రాదు. కింది గది కప్పుకు గోధుమ రంగు మరక, తర్వాత లప్పం బుడగలు బుడగలుగా లేవడం, ఆ తర్వాత పెచ్చులు రాలడం. ఇవి చూసి పైపు పగిలిందనుకుంటారు.

మిర్యాలగూడలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పోయిన వానాకాలం ఆ ఇంటి పెద్దమ్మ ఫోన్ చేసి, "మేస్త్రీ, దేవుని గది మీద ఇంత మరక పడ్డది. లోపల పైపు పగిలిందట, టైల్స్ అన్నీ పలగ్గొట్టాల్నట. నువ్వొచ్చి ఒక్కసారి చూడు బిడ్డా" అంది. పోయాను. ఆ టైల్స్ నేను వేసినవి కావు, అయినా పలగ్గొట్టడానికి మనసొప్పని మంచి పని. "ఆగమ్మా, పలగ్గొట్టుడు ఎప్పుడైనా చేయొచ్చు, ముందు టబ్ చూద్దాం" అన్నాను. టబ్ చుట్టూ వైట్ సిమెంట్ ఉంది, ఒక పొర మీద ఇంకో పొర, నున్నగా తెల్లగా. చూస్తే ఏ లోపమూ కనిపించదు. జేబులో ఉన్న ఒక విజిటింగ్ కార్డు తీసి అంచు వెంట దూర్చి చూశాను. టబ్ ఖాళీగా ఉంది, కార్డు ఎక్కడా దిగలేదు. తర్వాత నిండా నీళ్లు పట్టి, వాళ్ల మనవణ్ని లోపల నిలబడమన్నాను. పదో తరగతి పిల్లవాడు, బాగానే బరువుంటాడు. "అటు కొసకు జరుగు బాబూ" అని కుళాయి వైపు పంపి మళ్లీ కార్డు పెట్టాను. ఆ మూల నుంచి మూరెడు దూరం వరకు ఎక్కడ పెట్టినా సగం దాకా దిగింది. తీసి చూపిస్తే కొస తడిసి ఉంది. పిల్లవాణ్ని ఇవతలి కొసకు రమ్మనగానే సందు మూసుకుంది, లోపలున్న కార్డును పట్టేసింది. పెద్దమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది. "అయితే పైపు మంచిగనే ఉన్నదా?" అంది. పైపుకు ఏమీ కాలేదు.

పక్క పలక విప్పి చూస్తే టబ్ కాళ్లలో ఒకటి పగిలిన టైల్ ముక్క మీద నిలబడి ఉంది. ఎత్తు సరిపోక ఎవరో దాన్ని అడుగున పెట్టి ఉంటారు, బరువుకు అది పొడిపొడి అయ్యింది. అంటే ఆ మూల టబ్ గాల్లో వేలాడుతోంది. ముందు ఆ కాలు సరిచేసి, టబ్ అడుగున సిమెంట్ మాలు మెత్త వేసి కూర్చోబెట్టాం. ఇది చాలా ముఖ్యం. టబ్ ఊగుతుంటే ఎంత ఖరీదైన సిలికాన్ వేసినా ఆ ఊపుకు తెగిపోతుంది. సందు మూయడానికి ముందు అంచు మీద చేయి వేసి గట్టిగా అదిమి చూడండి, దిగినట్టు తెలిస్తే ముందు కాళ్ల సంగతి చూడాలి. ఆ ఇంట్లో పాత సిమెంట్ అంతా గీకి, ఆరబెట్టి సిలికాన్ వేశాం. ఒక్క టైల్ కూడా పగలగొట్టలేదు. దేవుని గది కప్పు మాత్రం ఆరడానికి చాలా కాలం పట్టింది. తడి ఉండగానే లప్పం పెడితే మళ్లీ లేస్తుందని రంగు పని చలికాలం పోయేదాకా ఆపమని చెప్పి వచ్చాను. ఆపారు, అందుకే ఇప్పుడు బాగుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ సందు ఎందుకిలా పాడవుతుంది? మేస్త్రీల నిర్లక్ష్యం అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నాకు ఆ మాట బాధ కలిగిస్తుంది. దేశమంతా ఆనకట్టలు, కాలువలు కట్టడానికి పోయినవాళ్లు పాలమూరు కూలీలు, మా తట్టు మనుషులకు పని రాదనడం న్యాయం కాదు. పని ఎలా పంచుతున్నారో చూడండి. టైల్స్ మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన గుత్త. అతను టైల్ వేసిన మేరకే కొలుస్తారు, టైల్ ఆగిన చోట అతని కొలత ఆగుతుంది. ప్లంబర్‌కు పాయింటు లెక్కన, అంటే కుళాయి, పైపు కలిపే ఒక్కో చోటుకు ఇంత అని, లేదంటే బాత్రూంకు ఇంత అని. టబ్ కూర్చోబెట్టి, మురుగు పైపు కలిపి, నీళ్లు పోతున్నాయని చూపిస్తే అతని పని అయిపోతుంది. టబ్ అంచుకూ టైల్ అంచుకూ మధ్య ఉన్న ఆ పావు అంగుళం ఇద్దరి లెక్కలోనూ లేదు. ఆఖరి రోజు ఇంటాయన వచ్చి "ఇదేంది, సందు అట్లనే ఉన్నది?" అంటే అక్కడ ఎవరుంటే వాళ్లు, గ్రౌట్ కోసం, అంటే టైల్స్ మధ్య గీతలు నింపడానికి కలిపిన వైట్ సిమెంట్ మిగిలి ఉంటే తీసి వేలితో నింపేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది, అందంగానే కనిపిస్తుంది. ఇంటాయన సంతోషిస్తాడు. దానికి పైసా అడగరు, ఇవ్వరు.

దానికి తోడు ముహూర్తం తొందర. తెల్లవారితే పాలు పొంగించాలి, చుట్టాలు దిగుతున్నారు, రాత్రి దాకా ఇల్లు కడుగుతూనే ఉంటారు. టైల్స్ తడి, జాయింట్లు తడి. ఆ తడి మీదే సిలికాన్ వేయమంటారు. పొద్దున ఐదింటికే ఇరవై మంది వరుసగా స్నానాలు. తడి మీద వేసిన సిలికాన్ అంటుకోదు, పైపైన అతికినట్టుండి కొన్నాళ్లకు పట్టీలా ఊడి చేతికి వస్తుంది. అప్పుడు సిలికాన్ మంచిది కాదని మళ్లీ వైట్ సిమెంట్‌కే పోతారు. కాబట్టి ఇల్లు కట్టించే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే. గుత్త మాట్లాడుకునే రోజే ఈ సందు ఎవరు మూయాలో తేల్చుకోండి. దానికి విడిగా అడుగుల లెక్కన కూలి కట్టండి. టబ్ మూడు వైపులా కలిపితే పది అడుగులు, పెద్ద ఖర్చేం కాదు. డబ్బు కట్టిన పనిని అడగడానికి మీకు హక్కు ఉంటుంది, దానికి ఒక పూట కేటాయించడానికి మేస్త్రీకి వీలుంటుంది.

పని ఎలా చేయాలో కూడా రాస్తాను, దగ్గరుండి చేయించుకోవడానికి పనికొస్తుంది. ముందు సందులో పాతది ఏది ఉన్నా పూర్తిగా తీసేయాలి. సిమెంట్ అయినా, పాత సిలికాన్ అయినా అంతే. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు, ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పని సరిగ్గా అయినట్టే. ఆక్రిలిక్ టబ్ మీద ఇనుప చాకుతో గీకితే గీతలు పడతాయి, ప్లాస్టిక్ పలక వాడాలి. థిన్నర్, పెట్రోలు అసలు తగలనివ్వకండి, ఆక్రిలిక్ మెరుపు పోతుంది. గీకిన తర్వాత సందు నల్లగా బూజు పట్టి ఉంటే బ్లీచింగ్ నీళ్లతో కడిగి, తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరనివ్వాలి. ఆరడం అంటే పైన తుడవడం కాదు. టైల్స్ మధ్య గ్రౌట్ నీళ్లు పీల్చుకుని ఉంటుంది, ఫ్యాన్ పెట్టి ఒక రోజన్నా వదిలేయాలి, ముసురు రోజుల్లో రెండు రోజులు. చివరగా మందుల షాపులో దొరికే స్పిరిట్ గుడ్డకు తడిపి రెండు అంచులూ తుడిస్తే సబ్బు జిడ్డు పోతుంది.

ఇప్పుడు టబ్ నిండా నీళ్లు పట్టాలి. ఇది చెబితే చాలామంది నా వైపు వింతగా చూస్తారు, అప్పుడే ఆరబెట్టాం కదా మళ్లీ నీళ్లెందుకని. నీళ్ల బరువుకు టబ్ దిగి సందు ఎంత విచ్చుకోవాలో అంతా విచ్చుకుంటుంది. అలా ఉన్నప్పుడు సిలికాన్ నింపి, అది గట్టిపడేదాకా నీళ్లు అలాగే ఉంచాలి. తర్వాత నీళ్లు వదిలితే టబ్ లేచి సిలికాన్ కొంచెం నొక్కుకుంటుంది. నొక్కుడుకు అది తెగదు. ఖాళీ టబ్ మీద వేస్తే మాత్రం ప్రతి స్నానానికీ సాగుతుంది, ఏళ్ల తరబడి సాగీ సాగీ ఒక అంచు వదిలేస్తుంది. నీళ్లు పట్టేటప్పుడు అంచు తడవకుండా చూసుకోవాలి, బకెట్‌తో ఎత్తి పోయకుండా పైపు అడుగుదాకా వదిలితే చాలు.

సందుకు పైనా కిందా కాగితం టేపు అంటించి, మధ్యలో ఆరు మిల్లీమీటర్ల వరకు జాగా వదలాలి. ట్యూబు ముక్కును ఏటవాలుగా కోయాలి, తూటు సందు కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. ట్యూబును నొక్కే గన్ను ఒక మూల మొదలుపెట్టి ఆగకుండా ఇంకో మూల దాకా నడిపిస్తే గాలి బుడగలు ఉండవు. సబ్బునీళ్లు తడిపిన వేలితోనో ఐస్‌క్రీం పుల్లతోనో ఒక్కసారి నున్నగా లాగి, వెంటనే టేపు తీసేయాలి. పది ఇరవై నిమిషాల్లో పైన పొర కడుతుంది, ఆ తర్వాత టేపు లాగితే అంచు చిరుగుతుంది. ఒకసారి నున్నగా చేశాక మళ్లీ మళ్లీ వేలు పెట్టొద్దు. చిన్న కుర్రాళ్లకు నేర్పేటప్పుడు నేను ఎక్కువగా ఆపేది ఇక్కడే, బాగుందనిపించినా ఇంకోసారి తడమాలని చేయి గుంజుతుంది.

సిలికాన్ గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది, పై నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. పైన ఆరినట్టుంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఒక రోజు కనీసం, సందు లోతుగా ఉంటే రెండు మూడు రోజులు ఆ బాత్రూంకు తాళం వేయండి. రోహిణి కార్తె ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుందనుకోవద్దు, లోపల గట్టిపడటం ఇంకా ఆలస్యమవుతుంది. సందు వేలు మందం ఉంటే నేరుగా సిలికాన్‌తో నింపకూడదు. నురుగు తాడు ఒకటి దొరుకుతుంది, బ్యాకర్ రాడ్ అంటారు, దాన్ని ముందు లోపలికి కుక్కి దాని మీద వేయాలి. సిలికాన్ ఆ తాడుకు అంటుకోదు, రెండు పక్కలా టబ్‌కు, టైల్‌కు మాత్రమే అంటుకుంటుంది. వెనక కూడా అంటుకుంటే స్వేచ్ఛగా సాగలేక చిరుగుతుంది. మా దగ్గర అన్ని షాపుల్లో ఈ తాడు పెట్టరు. షాపులవాళ్లు తెప్పించి పెడితే మేలు చేసినవాళ్లవుతారు.

ఏ సిలికాన్ కొనాలన్నది కూడా అడుగుతుంటారు. రంగులు వేసేవాళ్లు గోడ నెర్రెలకు వాడే ఆక్రిలిక్ సీలెంట్ ట్యూబు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, ధర తక్కువ. అది ఆరాక కుంచించుకుపోతుంది, ఎప్పుడూ నీళ్లు తగిలే చోట పనికిరాదు. సిలికాన్‌లోనే రెండు రకాలు. గన్ను నొక్కగానే పుల్లటి వెనిగర్ వాసన వచ్చేది ఒకటి, వాసన పెద్దగా లేని న్యూట్రల్ రకం ఇంకొకటి. పుల్లటి రకం టైల్ పైన మెరిసే గ్లేజు మీద, గాజు మీద బాగానే పట్టుకుంటుంది. సిమెంట్‌కు, పాలరాతికి, మన షాబాదు, తాండూరు బండలకు మాత్రం అది పనికిరాదు. అవి సున్నపురాయి జాతివి, పులుపు తగిలితే పై పొర కరుగుతుంది, సిలికాన్ పట్టు తప్పుతుంది. బాత్రూం నేల బండలతో ఉండి గోడకు టైల్స్ ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో. అక్కడ మూల మూయాలంటే న్యూట్రలే తీసుకోవాలి. వంటింటి గ్రానైట్‌కూ అదే, లేకపోతే అంచున మరక పడవచ్చు. ట్యూబు మీద శానిటరీ అని రాసి ఉంటే బూజు పట్టకుండా మందు కలిపారని అర్థం. గడువు తేదీ తప్పకుండా చూడండి, ఎండలో పెట్టి అమ్మే ట్యూబు తీసుకోవద్దు. 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి టబ్ మూడు వైపులకూ సరిపోగా ఇంకా సగం మిగులుతుంది, దానితో వాష్‌బేసిన్ అంచు కూడా అయిపోతుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో తెప్పించిన టైల్స్‌కు వేలకు వేలు పోసినవాళ్లు ఈ కొన్ని వందల రూపాయల దగ్గర బేరం ఆడటం చూస్తే నాకు నిజంగా కష్టం కలుగుతుంది.

కొత్తగా కట్టుకునేవాళ్లకు ఇంకో మాట. సిలికాన్ పైనుంచి నీళ్లు రాకుండా ఆపుతుంది, అంతే. టైల్, గ్రౌట్ కలిపినా గోడకు నీళ్లు తగలకుండా పూర్తిగా ఆపలేవు, గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. టైల్స్ వేయకముందే గోడకు, స్లాబుకు వాటర్‌ప్రూఫ్ పూత వేయించి, ఒక రోజు నీళ్లు నిలబెట్టి కింది నుంచి చూసుకోవాలి. టబ్‌ను ముందు కూర్చోబెట్టి, గోడ టైల్స్ టబ్ అంచు మీదికి దిగేలా వేస్తే టైల్ మీద పడ్డ నీళ్లు టబ్‌లోకే జారతాయి. మన దగ్గర చాలాచోట్ల టైల్స్ అన్నీ అయ్యాక టబ్‌ను తెచ్చి గోడకు ఆనిస్తున్నారు. అప్పుడు టైల్ మీది నీళ్లు నేరుగా సందులోకే దిగుతాయి. టబ్ ముందే తెస్తే గీతలు పడతాయని భయపడతారు, పాత దుప్పటి, పైన అట్ట పరిస్తే ఏమీ కాదు. నేలకు వాటం సరిగ్గా మురుగు జాలీ వైపు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

యాసిడ్ గురించి రాయకుండా ఉండలేను. నల్లగొండ బోరు నీళ్లతో టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది. చాలామంది దాన్ని ఫ్లోరైడ్ మరక అంటారు. ఫ్లోరైడ్ మన జిల్లాను ఎంత ఏడిపించిందో అందరికీ తెలుసు, నీళ్లలో దాన్ని తగ్గించే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టారు. కానీ టైల్ మీద గట్టిపడే ఆ తెల్లది నీళ్లలో కరిగి ఉన్న సున్నం వల్ల వచ్చే సున్నపు పొర. దాన్ని వదిలించడానికి వారం వారం యాసిడ్ పోసి రుద్దుతున్నారు. యాసిడ్ సున్నపు పొరతో పాటు గ్రౌట్‌ను, సిమెంట్‌ను కూడా తింటుంది. టైల్స్ తళతళలాడతాయి, మధ్య గీతలు గుంటలు పడి నీళ్లకు దారి ఇస్తాయి. స్నానం అయ్యాక ఒక పొడి గుడ్డతో టబ్ అంచు, గోడ కింది వరుస తుడిచేస్తే ఆ పొరే కట్టదు. ఇంట్లో ఆడవాళ్ల మీద ఇంకో పని పెట్టినట్టు కాకుండా, స్నానం చేసినవాళ్లే తుడుచుకోవాలి. సిలికాన్ మీద నల్లచుక్కలు కనిపించగానే బ్లీచింగ్ నీళ్లతో తుడిస్తే పోతాయి. నలుపు లోపలికి దిగితే మాత్రం ఎంత రుద్దినా పోదు, గీకి కొత్తది వేయించుకోవడమే.

సంపాదకులు గారికి రెండు విన్నపాలు. ఇంటి పేజీలో వైట్ సిమెంట్ సలహాను సవరిస్తూ, టబ్ చుట్టూ, మూలల్లో సిలికానే వాడాలని ఒక చిన్న వివరణ వేయండి. ఇళ్ల గురించి రాసేటప్పుడు పని చేసేవాళ్లను ఒకరిద్దరిని అడిగి రాయిస్తే మాకు సంతోషం. అలాగే నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇచ్చే న్యాక్ వారికీ, ఐటీఐల వారికీ మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పుకుంటున్నాను. టైల్స్ నేర్చుకునే పిల్లలనూ, ప్లంబింగ్ నేర్చుకునే పిల్లలనూ ఒకే టబ్ దగ్గర కలిపి కూర్చోబెట్టి, నీళ్లు నింపి, ఈ సందు మూయడం ఇద్దరి చేతా చేయించండి. తర్వాత ఏ ఇంట్లో కలిసినా ఇది నా పని కాదని ఇద్దరిలో ఒక్కరూ అనరు.

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు ముహూర్తానికి కనీసం నాలుగు రోజుల ముందే టబ్ పని పూర్తి చేయించండి. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి ఇంటి పెద్దవాళ్ల దగ్గర పెట్టండి. చుట్టాలు వచ్చిన పొద్దున స్నానాలకు కింది బాత్రూం చూపించండి.

ఇట్లు,
ఒక టైల్స్ మేస్త్రీ,
దేవరకొండ, నల్లగొండ జిల్లా